చిటికెన వేలి తలుపులు

మా ఊళ్లో ఆషాఢం వచ్చిందంటే తలుపులు బిగుస్తాయి. కొయ్య నీళ్లు తాగి ఉబ్బి ద్వారబంధంలో ఇరుక్కుంటుంది. మాఘం దాటాక ఎండకు ఆరి తన కొలతకు తాను వస్తుంది. ఆ మధ్య నెలల్లో జనం భుజంతో ఒక్క తోపు తోసి ఇళ్లలోకి పోతారు. కాపురానికి వచ్చిన కొత్త కోడలికి ఏ తలుపును ఎక్కడ తన్నాలో అత్తగారు మొదటి వారంలోనే చూపించేస్తుంది.

పెదలంకపురం మెయిన్ రోడ్డులో నాకు ఇనుప సామాన్ల కొట్టు ఉంది. తలుపులు బిగుసుకోవడం వల్ల నాకు చెప్పుకోదగ్గ లాభం ఎప్పుడూ రాలేదు. కొవ్వొత్తి ముక్కతో సరిపోయే జబ్బుకి కొట్టుదాకా ఎవరొస్తారు? పురపాలక సంఘం పూనుకున్నాక వచ్చారు.

దానికి కారణం ఒక జెండా పండగ.

ఆ ఉదయం కమిషనరు విశ్వంభరరావుగారు జెండా ఎగరేసే ముందు కండువా సర్దుకోవడానికి ఆఫీసు స్నానాలగదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. రెండు రోజులుగా ముసురు. తలుపు మళ్లీ రాలేదు. లోపలినుంచి ఆయన లాగారు. బయటినుంచి సిబ్బంది మెల్లగా తోశారు. గట్టిగా తంతే తెరుచుకునేదే గాని, తలుపుకు అవతల ఉన్నది సాక్షాత్తూ కమిషనరుగారు, తగిలితే ఉద్యోగాలు పోతాయి. పగలగొడదామంటే అది పురపాలక ఆస్తి. ఆస్తికి నష్టం కలిగించేందుకు అనుమతి ఇవ్వగలిగిన అధికారి ఊరు మొత్తానికీ ఒక్కరే. ఆయన లోపల ఉన్నారు.

హెడ్ గుమస్తా అనుమతి కోరుతూ కాగితం రాసి తలుపు కిందినుంచి లోపలికి తోశాడు. కాసేపటికి కాగితం బయటికి వచ్చింది. "ఖర్చు అంచనా జతపరచలేదు. సరిచేసి తిరిగి సమర్పించవలెను" అని ఉంది. అలవాటు మరి.

బయట మైకులో స్వాతంత్ర్యం గురించి ఉపన్యాసం నడుస్తూనే ఉంది. అంచనా తయారై, లోపలికి వెళ్లి, సంతకమై బయటికి వచ్చేసరికి పిల్లలు చాక్లెట్లు తినేసి ఇళ్లకు పోయారు.

ఆ వారంలోనే ఉత్తర్వు వచ్చింది. దాన్ని రిక్షాలో మైకు పెట్టి ఊరంతా చదివారు.

"పురపాలక పరిధిలోని యావన్మంది గృహస్థులకు తెలియజేయడమేమనగా, సుగమ ద్వార ఉద్యమములో భాగముగా, ఇకమీదట పట్టణములోని ప్రతి తలుపూ సగటు పౌరుని కుడిచేతి చిటికెన వేలితో, అన్య అవయవముల సహాయము లేకుండా, తెరుచుకొనునదై ఉండవలెను. తెరుచుకొనని తలుపులు స్వాధీనపరచుకొనబడును."

సగటు పౌరుడి చిటికెన వేలు ఎంత అన్న ప్రశ్న కౌన్సిల్లో లేచింది. కల్లుగీసేవాడి వేలు వేరు, కాలేజీ అమ్మాయి వేలు వేరు. పూట పూటంతా వాదించుకుని, చివరికి కమిషనరుగారి వేలినే నమూనాగా తీసుకున్నారు. వడ్రంగి వీరాచారి దాన్ని టేకులో చెక్కాడు, గోరుతో సహా. దానికి ప్రామాణిక వేలు అని పేరు పెట్టి, జారుడు మూత ఉన్న కొయ్యపెట్టెలో పట్టుగుడ్డ పరిచి అందులో పడుకోబెట్టారు. అంతవరకూ దోమల విభాగంలో మందు కొట్టించే ఏకాంబరాన్ని ద్వార పర్యవేక్షకుడిగా వేశారు. ఆ పెట్టెను రెండు చేతులా పట్టుకుని అతను బజారులో నడుస్తుంటే సైకిళ్లవాళ్లు పక్కకు తప్పుకునేవారు.

ఇక నా కొట్టు చూడాలి. కొయ్య గీసే చిత్రికలు, ఆకురాళ్లు, గరుకు కాగితాలు బస్తాలుగా దించాను. ముందురోజు వచ్చిన సరుకు మర్నాటికి ఉండేది కాదు. వీరాచారికి తిండి తినే తీరిక లేదు. వీధి పొడుగునా ప్రతి అరుగు మీదా ఒక తలుపు పడుకుని ఉంది, దాని పక్కన పొట్టు కుప్ప.

ఓ మధ్యాహ్నం మేకుల కోసం వచ్చిన వీరాచారిని అడిగాను. "ఉబ్బిన తలుపుని వానల్లో గీస్తే ఎండల్లో ఏమవుద్దో నీకు తెలీదా, ఆచారీ?"

"తెలవకపోడమేటి శెట్టిగారూ? ఎండల్లో సందులు పడతాయి, గడియ అందదు. అప్పుడు సందులు మూయడానికి అంచులకి చెక్కబద్దలు కొట్టించుకుంటారు. గీసినందుకో కూలీ, అతికినందుకో కూలీ." నా వెనకాల పేర్చిన చిత్రికల వైపు చూశాడు. "తమరు మాత్రం వద్దని చెప్పి పంపేత్తన్నారేటండీ?"

మేకులు తూచి ఇచ్చాను. మా మధ్య ఆ విషయం మళ్లీ రాలేదు.

తలుపు అంటే ఏమిటన్నది తర్వాతి మెమోలో తేల్చారు. "ఇరుసుపై తిరుగు సమస్త ఫలకములు." అంటే బీరువాలు, కిటికీలు, కోళ్ల గూళ్లు కూడా. కోళ్ల గూళ్లు బాగా నునుపు చేశారు. కోళ్లు మునిసిపాలిటీ వాళ్లకంటే ముందే పరీక్ష జరుపుకుని, తెల్లవారేసరికి రోడ్డుమీద ఉండేవి.

నా కొట్టుకు ఎదురుగా కుట్టుపని సత్యవేణి ఇల్లు. ఒకటే గది, ఒకటే తలుపు. భర్త పోయాక మిషను కొనుక్కుని బతుకుతోంది. చుట్టుపక్కల పెళ్లిళ్లన్నింటికీ జాకెట్లు ఆవిడే కుడుతుంది కనుక, ఎవరెవరివో పట్టుచీరలు ఎప్పుడూ ఆ గదిలో దొంతరగా ఉంటాయి. వాటిలో ఒక్కటి పోయినా మిషను అమ్మినా తీరదు, ఆ తర్వాత గుడ్డ ఇచ్చేవాళ్లూ ఉండరు. ఆవిడ వ్యాపారానికి పెట్టుబడి మిషను కాదు, లోపలి గడియ. ఈ సంగతి ఆవిడకూ తెలుసు, ఎదుటి వ్యాపారిని కనుక నాకూ తెలుసు.

ఏకాంబరం పెట్టె తెరిచి, వేలు తీసి, ఆ తలుపుకు ఆనించి తోశాడు. కదల్లేదు.

"విఫలము," అని రాసుకున్నాడు. "పక్షములోగా చిత్రిక పట్టించవలెను. లేనియెడల రెక్క స్వాధీనము."

"గీయించనండి," అంది సత్యవేణి మిషను ఆపకుండా. "ఇప్పుడు మీ వేలికి తెరుచుకుంటే, రేపు ఎండల్లో ఊరందరి వేళ్లకీ తెరుచుకుంటది. చీరలు పోతే మునిసిపాలిటీ కట్టుద్దేటండీ?"

"అది మా విభాగము కాదు."

"పోనీ ఏ విభాగమో చెప్పండి, ముందే వెళ్లి చీరలు వాళ్లకి అప్పజెప్పేత్తాను."

ఏకాంబరం నోటీసును తలుపుకు అంటించి వెళ్లిపోయాడు. కాసేపటికి ఆవిడ రోడ్డు దాటి వచ్చింది. "శెట్టిగారూ, గీయకుండా దీనికేదైనా ఉపాయముందాండి?"

వ్యాపారస్తుడు సరుకు అమ్మాలి గాని సలహా ఊరికే ఇవ్వకూడదు. ఊరంతా నా దగ్గర చిత్రికలు కొంటున్నప్పుడు, చిత్రిక అక్కర్లేదని నా నోటితో నేనే చెప్పడం ఏ లెక్కకూ రాదు. కాని ఆవిడ తలుపు తెరిచి ఉంటే రోజూ నా కళ్ల ఎదురుగానే తెరిచి ఉంటుంది. నేను కొట్టు వదిలి వెళ్లాను.

తలుపు అంచున సుద్దముక్క రుద్ది, వేసి తీయమన్నాను. సుద్ద ఎక్కడ చెదిరితే అక్కడే రాపిడి. చూస్తే గడియ వైపు పైమూల ఒక్కచోటే చెదిరింది. అంటే ఉబ్బు కొంత, మిగతాది రెక్క వాలడం. పై బందు పట్టుకుని ఊపితే స్క్రూలు వదులుగా ఆడుతున్నాయి. వాటిని ఊడదీసి, ఆ కన్నాల్లో జిగురు పూసిన అగ్గిపుల్లలు దిగ్గొట్టి, అవే స్క్రూలు మళ్లీ బిగించాను. రెక్క పైకి లేచింది. రాసుకునే చోట కొవ్వొత్తి రుద్దాను. వానలు తెరిపిచ్చి కొయ్య ఆరిన రోజున, ఎవరూ రంగు వెయ్యని పై అంచుకీ కింది అంచుకీ రంగు వెయ్యమన్నాను. నీళ్లు తాగేది అక్కడినుంచే.

ఆవిడ చిటికెన వేలితో తోసింది. తలుపు మర్యాదగా లోపలికి వెళ్లింది. దగ్గరికి వేస్తే గడియ సూటిగా కన్నంలో పడింది.

"ఎంతివ్వమంటారండి?"

"అగ్గిపుల్లలకి బిల్లు ఎలా రాయనమ్మా?" అన్నాను. ఆ సీజనులో నాకు వచ్చిన నష్టం అదొక్కటే.

పక్షం గడిచాక ఏకాంబరం జోరువానలో వచ్చాడు. వచ్చి పెట్టె మూత లాగాడు. రాలేదు. ఒళ్లో పెట్టుకుని లాగాడు, మోకాళ్ల మధ్య ఇరికించి లాగాడు. టేకువేలు లోపల ఉబ్బింది, మూత గాడిలో ఉబ్బింది.

సత్యవేణి దారం పంటితో తెంపి, "దానికీ ఓ నోటీసు అంటించండి, పక్షం గడువిచ్చి," అంది.

రోడ్డుమీద గొడుగుల కింద నిలబడ్డవాళ్లంతా నవ్వారు. ఏకాంబరం మొహం మాడిపోయింది. గతిలేక తన సొంత వేలితో తోశాడు. తలుపు తెరుచుకుంది. ఆ తెరుచుకోవడమే అతనికి కోపం తెప్పించింది. ఒక్క పొట్టు రేకైనా రాలకుండా తలుపు తెరుచుకుంటే ఇంత ఉద్యమం దేనికని ఎవరైనా అడగవచ్చు కదా.

మర్నాడే సవరణ వచ్చింది. పర్యవేక్షకుడి సొంత వేలితో జరిపిన పరీక్ష లెక్కలోకి రాదు. తలుపు తెరుచుకుంటే చాలదు, తెరుచుకునేందుకు తగిన కారణం ఉండాలి. రెక్కకూ ద్వారబంధానికీ మధ్య చుట్టూరా రూపాయి బిళ్ల దూరి తిరగాలి. సత్యవేణి తలుపులో బిళ్ల దూరలేదు. స్వాధీనం ఉత్తర్వు తయారై, సంతకాల వరసలో పడింది.

ఈలోగా ఊళ్లో గాలి సమస్య మొదలైంది. నునుపు చేసిన తలుపులు వాయుగుండం నాడు వాటంతటవే తెరుచుకుని, వాటంతటవే మూసుకుని, వీధులు వీధులు దడదడలాడాయి. ఇంజనీరింగు విభాగం దీన్ని "అనధికార చలనము"గా గుర్తించి, ప్రతి తలుపు వెనకా ఇటుక పెట్టాలని ఆదేశించింది. ఇటుక పెడితే వేలితో తెరుచుకోదు. కాబట్టి పర్యవేక్షకుడు వచ్చేటప్పుడు ఇటుక తీసి, వెళ్లాక పెట్టాలని వివరణ ఇచ్చారు. ఇటుక జరపడం కష్టమన్నవాళ్లకు నేను రబ్బరు ఆపుడు బిళ్లలు అమ్మాను. తలుపు తెరుచుకోవడానికి కావలసిన సరుకూ నా దగ్గరే, తెరుచుకోకుండా ఉండటానికి కావలసిన సరుకూ నా దగ్గరే. ముప్పై ఏళ్ల వ్యాపారంలో అలాంటి సంవత్సరం నేను చూడలేదు.

మాఘంలో రాజధాని నుంచి అవార్డు కమిటీ వస్తోందని కబురు వచ్చింది. నూటికి నూరు శాతం తలుపులు సుగమమైన తొలి పట్టణానికి షీల్డు ఇస్తారట. కమిషనరుగారి ప్రమోషను దాంతో ముడిపడి ఉంది. ఊరి మొత్తానికి కొరవ ఒక్క తలుపు.

ఆ ఉదయమే ఏకాంబరం తోపుడుబండి, వీరాచారి, స్క్రూడ్రైవరుతో దిగాడు. సత్యవేణి లోపల గడియ పెట్టుకుంది. బందులు లోపలి వైపు ఉన్నాయి.

"తలుపు తియ్యమ్మా. దాన్ని పట్టుకుపోవాలి."

"మీరే తీసుకోండి," అంది లోపలినుంచి. "చిటికెన వేలితో."

"ఆచారీ, పగలగొట్టు."

వీరాచారి సంచీలోకి చూసి, "పగలగొట్టొచ్చాండీ? రూల్లో అన్య అవయవాలు కూడదని ఉంది కదండీ," అన్నాడు. అతనూ చెల్లెలి పెళ్లి చీరలు ఆ గదిలోనే ఇచ్చి ఉన్నాడు.

ఏకాంబరం ఉత్తర్వు తీసి మొదటినుంచి చదువుకుంటూ ఉండగానే కమిటీ జీపు సందు మలుపు తిరిగింది. కమిషనరుగారు ముందు దిగారు, వెనక కమిటీ సభ్యుడు. ఆయన వీధి పొడుగునా తలుపులను వేలితో తోసుకుంటూ, మెచ్చుకుంటూ ఇక్కడికి వచ్చాడు. తోశాడు. కదల్లేదు.

"ఇదేమిటి?"

ఏకాంబరం జీవితంలో మొదటిసారి మెమో లేకుండా మాట్లాడాడు. "అది గోడ సార్."

"గోడా?"

"తలుపు నమూనాలో కట్టిన గోడ సార్. పాతకాలపు పనితనం."

సభ్యుడు ఒక అడుగు వెనక్కి వేసి చూశాడు. "బాగా కట్టారు. బందులు కూడా లోపల ఉన్నట్టే భ్రమ కలుగుతోంది." అంతలో లోపల కుట్టుమిషను టకటక మొదలైంది. "గోడలో ఆ చప్పుడేమిటి?"

"చెదలు సార్."

"పెద్ద చెదలే," అని రాసుకుని ఆయన ముందుకు సాగాడు. కమిషనరుగారు ఏకాంబరం భుజం తట్టారు. ఆ సాయంత్రానికి రిజిస్టరులో సత్యవేణి తలుపు గోడగా మారింది. నూటికి నూరు శాతం పూర్తయింది. స్వాధీనం ఉత్తర్వును మాత్రం రద్దు చేయలేదు. గోడ తిరిగి తలుపుగా ఎప్పుడు గుర్తింపబడితే అప్పుడు, ప్రామాణిక వేలితో తుది పరీక్ష జరిపి అమలు చేయాలని ఫైలులో ఉంచారు.

ఫాల్గుణం వచ్చింది. ఎండలు ముదిరాయి. వీరాచారి చెప్పినట్టే కొయ్య ఆరి, తన కొలతకు వచ్చి, ఆ కొలతలో కొంత మా ఇళ్లముందు పొట్టుగా పోయిందని తెలుసుకుంది. సందుల్లోంచి చేయి దూరుతోంది. గడియలు బయటికి చాచినా కన్నాలు అందడం లేదు. ఇక దొంగలకు పండగే. సామాన్లు బీరువాలతో సహా పోయాయి. పోలీసులకు ఫిర్యాదు ఇస్తే, ఎక్కడా బలప్రయోగం జరిగినట్టు గుర్తులు లేవు కనుక దొంగతనంగా నమోదు చేయలేమన్నారు. ఒక దొంగ దొరికాడు గాని, తాను సుగమ ద్వార ఉద్యమంలో పాల్గొన్నానని చెప్పాడట.

మునిసిపల్ ఆఫీసులో రెండు ఫ్యాన్లు, ఒక టైపు మిషను, కమిషనరుగారి కుర్చీ మీది తువ్వాలు పోయాయి. సరిగ్గా అప్పుడే షీల్డు వచ్చింది. ఇత్తడిది, తలుపు ఆకారంలో, రెక్క నిజంగా తెరుచుకుంటుంది. మంత్రిగారు వచ్చి దాన్ని ఆవిష్కరించడానికి ఇంకా వారం ఉంది. అంతవరకూ దాన్ని ఎక్కడ ఉంచాలి? ఊళ్లో లోపలినుంచి గడియ పడే చోటు ఒక్కటే ఉంది.

కమిషనరుగారే స్వయంగా వచ్చారు. షీల్డును ఏకాంబరం మోస్తున్నాడు. నేను కొట్టు ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను.

"అమ్మా," అన్నారాయన, "ఈ గోడ వెనుక సురక్షితమైన స్థలము కలదని పరిపాలన దృష్టికి వచ్చినది."

"గోడ వెనకాల ఎలా పెడతారండీ? గోడ తెరుచుకోదు కదండీ."

"రికార్డు ప్రకారము గోడ. ఆచరణలో, అవసరార్థము తెరుచుకోదగిన గోడ."

సత్యవేణి బయటికి వచ్చి షీల్డును ముందూ వెనకా చూసింది. "పెట్టుకుంటాలెండి. ఊరి పరువు. కానీ నాదో మాటండి. షీల్డు ఒక్కటీ ఇక్కడ పెట్టి ఆ వేలు ఆఫీసులో ఉంచుతారేటి? షీల్డు పోతే ఇత్తడే పోద్ది. వేలు పోతే? ఎంతైనా అది తమరి చిటికెన వేలు. రేపు దాన్నట్టుకుని దొంగలు ఇంటింటికీ తిరిగితే, కమిషనరుగారే తలుపులు తీయిత్తున్నారని అనుకోరాండి?"

కమిషనరుగారు అప్రయత్నంగా తన చేతిని కండువాలో దాచుకున్నారు. "దూరదృష్టి కలిగిన సూచన," అన్నారు. "ఏకాంబరం, వేలు తీసుకురా."

ఏకాంబరం వెళ్లి పెట్టె తెచ్చాడు. "ఆ రూపాయి బిళ్ల కూడా," అని గుర్తు చేసింది సత్యవేణి. అదీ ఇచ్చాడు.

మంత్రిగారు వచ్చారు, షీల్డు ఆవిష్కరించారు, దాన్ని పట్టుకెళ్లి కౌన్సిల్ హాల్లో గోడకు బోల్టులు వేసి బిగించారు. ఆఫీసు తలుపులు బాగయ్యేదాకా వేలును మాత్రం గోడ వెనుకనే ఉంచాలని తీర్మానించారు. ఊరంతా తలుపుల అంచులకు చెక్కబద్దలు కొట్టించుకుంది. బద్దలు, మేకులు, జిగురు నా కొట్టులోవే. కమిషనరుగారి ప్రమోషను ఏదో విచారణ దగ్గర ఆగిందన్నారు.

మళ్లీ ఆషాఢం వచ్చింది. వానలకు తలుపులూ ఉబ్బాయి, బద్దలూ ఉబ్బాయి. కిందటేడు భుజంతో తెరుచుకున్న తలుపు ఈసారి ఇద్దరు మనుషులకు లొంగలేదు. ఉద్యమం రెండో విడత ప్రకటించారు. మొదటి అంశంగా, మెయిన్ రోడ్డులోని గోడను తిరిగి తలుపుగా గుర్తించి, ప్రామాణిక వేలితో పరీక్షించి, స్వాధీనం చేసుకోవాలని ఉత్తర్వు.

ఆ పొద్దున నేను సత్యవేణి ఇంట్లోనే ఉన్నాను, చొక్కా కొలతలు ఇవ్వడానికి. వాన జల్లు లోపలికి పడుతోందని ఆవిడ తలుపు దగ్గరికి వేసింది, గడియ పెట్టలేదు. కొయ్యపెట్టె మిషను పక్కన బల్లమీద ఉంది. దాని మీద దారపు ఉండలు పెట్టుకుంది. బయట ఏకాంబరం గొంతు వినిపించింది.

"సత్యవేణమ్మా! వేలు పెట్టె ఇయ్యండి. తనిఖీ ఉంది."

ఆవిడ టేపును నా మెడచుట్టూ అలాగే వదిలి, నా వైపు తిరిగి పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"ఇద్దామనే ఉందండీ," అంది గట్టిగా. "తలుపు బిగుసుకుపోయిందండీ. వానలు కదా. లాగి లాగి చేతులు పడిపోతన్నాయి."

"తోసి చూడనా?"

"చూడండి. కానీ దేంతో తోత్తారండీ? వేలు లోపలుందిగా. సొంత వేలితో తోత్తే లెక్కలోకి రాదని మీరేగా రాసుకున్నారు."

బయట వాన చప్పుడులో కాగితం రెపరెపలాడింది. ఏకాంబరం ఉత్తర్వు చదువుకుంటున్నాడని తెలుసు. చివరికి, "మరి ఎప్పుడు తెరుచుకుంటదంటారు?" అని అడిగాడు.

"ఎండలొచ్చాక రండి."

"ఎండల్లో తనిఖీ ఉండదమ్మా. వానాకాలంలోనే."

"అయితే వానాకాలంలోనే రండి. ప్రతి ఏడూ రండి. నేనెక్కడికి పోతానండి?"

నీళ్లలో చెప్పుల చప్పుడు దూరమైంది. సత్యవేణి నా మెడ కొలత రాసుకుని, చేతుల పొడవు చూసుకుని, మిషను ముందు కూర్చుంటూ చొక్కా వారంలో ఇస్తానంది. నేను గొడుగు అందుకున్నాను. ఆవిడ కుర్చీలోంచి లేవకుండానే, చేయి చాచి, చిటికెన వేలిని తలుపు అంచుకు తగిలించి లాగింది.

చప్పుడైనా లేకుండా తెరుచుకుంది.